గల్ఫ్ కారు, తయారీ ప్లేటు, ముంబై రేవు: సొంత కారు దిగుమతిపై అపోహలు - వాస్తవాలు

దుబాయ్‌లోనో డాలస్‌లోనో ఏళ్ల తరబడి నడిపిన కారును వెంట తెచ్చుకోవాలనిపించడం సహజమే. కానీ ఆ కారు మూడు గడపలు దాటాలి. డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్య డైరెక్టరేట్) దిగుమతి షరతులు, కస్టమ్స్, చివరికి ఆర్టీఓ. ఒకచోట సరేనన్నారని ఇంకోచోట వదలరు. ఈ సంగతి తెలియకుండా ముందే ఓడెక్కించినవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడతారు.

అపోహ: ట్రాన్స్‌ఫర్ ఆఫ్ రెసిడెన్స్ (విదేశంలో ఉండి స్వదేశానికి మకాం మార్చేవారికిచ్చే రాయితీ) మీద తిరిగొస్తే కారుకు సుంకం ఉండదు.

ఆ రాయితీ బ్యాగేజీకి మాత్రమే. కస్టమ్స్ చట్టం 1962లోని సెక్షన్ 2(3) బ్యాగేజీ అంటే ఏమిటో చెబుతూనే మోటారు వాహనాలను అందులోంచి తీసేసింది. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్‌లాంటి ఇంటి సామాను లెక్కలోకి వస్తుంది, కారు రాదు. అక్కడ పదేళ్లున్నా సుంకం మొత్తం కట్టాల్సిందే.

అపోహ: గల్ఫ్ కారు, అమెరికా కారు తెచ్చి ఇక్కడ స్టీరింగ్ మార్పించుకోవచ్చు.

దిగుమతి షరతుల్లో నాలుగు చక్రాల వాహనానికి స్టీరింగ్, కంట్రోళ్లు కుడివైపే ఉండాలని రాసి ఉంది. స్పీడోమీటర్ కిలోమీటర్లలో ఉండాలి. హెడ్‌లైట్ వెలుగు ఎడమవైపు నడిచే ట్రాఫిక్‌కు తగ్గట్టు పడాలి. గల్ఫ్, అమెరికా కార్ల స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది కాబట్టి మొదటి షరతు దగ్గరే ఆగిపోతాయి. బ్రిటన్ కారుకు స్టీరింగ్‌తో పేచీ లేదు, మైళ్ల మీటరు ఒక్కటే చూసుకోవాలి. జపాన్, సింగపూర్, ఆస్ట్రేలియాలవీ కుడి స్టీరింగ్ కార్లే. జపాన్ కారులో రేడియో 76 నుంచి 95 మెగాహెర్ట్జ్ దాకానే పట్టవచ్చు, 98.3 వినాలంటే స్టీరియో మార్చుకోవాలి. అది చిన్న ఖర్చు.

మార్పిడి చేసిన కారును పట్టుకోవడం అంత కష్టమేమీ కాదు. స్టీరింగ్ కుడికి వచ్చినా వైపర్లు పాత దిక్కులోనే తుడుస్తుంటాయి, హెడ్‌లైట్లూ కుడివైపు ట్రాఫిక్‌కు చేసినవే ఉంటాయి. అమెరికా కార్లను దుబాయ్‌కో శ్రీలంకకో పంపి, స్టీరింగ్ మార్పించి, ధర తగ్గించి చూపారన్న ఆరోపణపై 2025లో డీఆర్‌ఐ (అక్రమ దిగుమతులను పట్టే కేంద్ర నిఘా సంస్థ) హైదరాబాద్‌కు చెందిన ఒక డీలర్‌ను అరెస్టు చేసింది.

అపోహ: 2023 మోడల్ అని పేపర్లో ఉంటే చాలు, మూడేళ్ల లోపే.

వాడిన కారు తయారైన తేదీ నుంచి మూడేళ్లు దాటకూడదు. మోడల్ ఇయర్‌ను లెక్కలోకి తీసుకోరు, మొదటి రిజిస్ట్రేషన్ తేదీనీ తీసుకోరు. యార్డులో ఎనిమిది నెలలు పడున్న కారు రిజిస్ట్రేషన్ ప్రకారం కొత్తది, తయారీ ప్రకారం పాతది. జపాన్ ఎగుమతి సర్టిఫికెట్‌లో ఉండేది మొదటి రిజిస్ట్రేషన్ నెలే. పైగా అక్కడి దేశీయ కార్లకు 17 అక్షరాల విన్ (వాహన గుర్తింపు సంఖ్య) ఉండదు, చాసిస్ నంబరే ఉంటుంది, కాబట్టి అందులో ఏడాది కనబడదు. చాసిస్ నంబరు పంపి తయారీ కంపెనీ నుంచే తయారీ నెల రాయించుకోవాలి. రెండున్నరేళ్లు దాటిన కారు జోలికి వెళ్లకపోవడమే మంచిది. ఓడ ఆలస్యమైతే ఆ నెలలు తిరిగిరావు.

అపోహ: వేలంలో సగం ధరకు కొన్నాం కాబట్టి సుంకం కూడా సగమే.

జేబుకు చిల్లు పడేది ఇక్కడే. వాడిన కారుకు మీరెంత ఇచ్చారన్నది కస్టమ్స్ పట్టించుకోదు. కొత్తగా ఉన్నప్పటి ధర తీసుకుని తరుగు తీస్తుంది. మొదటి ఏడాది మూడు నెలలకు 4 శాతం, రెండో ఏడాది 3, మూడో ఏడాది 2.5 శాతం చొప్పున. సరిగ్గా రెండేళ్లయితే తరుగు మొత్తం 28 శాతం.

కొత్తప్పుడు 30 లక్షలున్న కారు తీసుకుందాం. తరుగు పోను 21.6 లక్షలు. ఓడ కిరాయి, బీమా కలిపి 2.4 లక్షలనుకుంటే 24 లక్షలు. 2025 బడ్జెట్ తర్వాత వాడిన కారుకు బేసిక్ డ్యూటీ 70 శాతం, అగ్రి సెస్ 67.5 శాతం. పేర్లు మారాయే తప్ప మొత్తం ముందున్న 137.5 శాతమే. అంటే 33 లక్షలు. ఇప్పటికి 57 లక్షలు. దాని మీద ఐజీఎస్‌టీ (దిగుమతిపై వేసే జీఎస్‌టీ), 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్లకు 40 శాతం. ఇంకో 22.8 లక్షలు. మొత్తం 79.8 లక్షలు, అందులో పన్నులే 55.8 లక్షలు. నాలుగు మీటర్ల లోపు, 1200 సీసీ లోపు పెట్రోలు కారైతే ఐజీఎస్‌టీ 18 శాతమే, కానీ అంత చిన్న కారు ఓడెక్కించేవాళ్లు అరుదు. ఆర్టీఓలో లైఫ్ ట్యాక్స్ దీనికి అదనం.

అపోహ: వైజాగ్‌లోనో చెన్నైలోనో దింపుకుంటే దగ్గర.

కొత్త కార్లకు పలు రేవులున్నాయి. వాడిన కారు మాత్రం ముంబై రేవులోనే దిగాలి. ఓడ చేరే ముందురోజుకల్లా బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి పత్రం) దాఖలు చేయకపోతే మొదటి మూడు రోజులు రోజుకు 5 వేలు, ఆపై రోజుకు 10 వేలు ఆలస్య రుసుము. రేవు అద్దె వేరే. ఇంకో అయిదేళ్లు రోడ్డు మీద నడవగలదన్న ధ్రువపత్రం, పరీక్ష సంస్థ సర్టిఫికెట్ లేని కారు షెడ్డులోనే మగ్గుతుంది.

అపోహ: ఐఈసీ (దిగుమతి-ఎగుమతి కోడ్) లైసెన్సు తీసుకోవాలి. సొంత వాడకానికైతే అక్కర్లేదు.

అపోహ: ఎలక్ట్రిక్ కారుకు 15 శాతమే సుంకం. అది 2024 పథకం కింద ఇక్కడ 4,150 కోట్లు పెట్టుబడి పెట్టే తయారీదారులకు. ఏడాదికి 2,500 కార్ల దాకా హోమోలోగేషన్ (ఇక్కడి ప్రమాణాలకు తగినట్టుందన్న పరీక్ష, ఆమోదం) లేకుండా తెచ్చుకోవచ్చన్న 2018 సడలింపు కూడా కంపెనీలకూ వాళ్ల అధీకృత ప్రతినిధులకే.

అపోహ: కార్నెట్ మీద తెచ్చిన కారు చవకగా కొనుక్కోవచ్చు.

కార్నెట్ అంటే సుంకం కట్టకుండా కారును తాత్కాలికంగా తెచ్చుకునే పత్రం, అది పర్యాటకుడి కారుకు. ఆరు నెలల్లో తిరిగి దేశం దాటాలి, అమ్మకూడదు. రాయబారుల పేరుతో వచ్చిన కార్ల మీద 2021లో డీఆర్‌ఐ ఆపరేషన్ మాంటే కార్లో జరిగింది. 2025 సెప్టెంబరులో కేరళలో భూటాన్ దారిన వచ్చిన కార్ల మీద కస్టమ్స్ దాడులు జరిగాయి. మీరు మూడో యజమాని అయినా, ఎగవేసిన సుంకం ఉన్న కారును జప్తు చేస్తారు. అమ్మేవాడు ఆర్‌సీ చూపిస్తే సరిపోదు. బిల్ ఆఫ్ ఎంట్రీ నంబరు, తేదీ అడిగి, అందులోని చాసిస్ నంబరును కారు మీద చెక్కిన నంబరుతో అక్షరం అక్షరం పోల్చుకోవాలి. ఆర్టీఓ రిజిస్ట్రేషన్‌కు ఫారం 20తో పాటు అడిగేదీ కస్టమ్స్ క్లియరెన్స్ పత్రమే. అందులో ఒక్క అంకె తేడా వచ్చినా ఫైలు ముంబైకి సవరణకు పోతుంది.