ఇండోనేషియాలో ఇస్లామీయ విద్య: ఇష్టపు చదువు తప్పనిసరి పాఠమైన వైనం

ఇండోనేషియా విశ్వవిద్యాలయాల్లో ముస్లిం విద్యార్థి ఇంజనీరింగ్ చదివినా, వైద్యం చదివినా ఇస్లామీయ విద్య అనే పాఠ్యాంశాన్ని పూర్తి చేయవలసిందే. ఆ తరగతిలో అతడు మార్కుల కోసమే కూర్చుంటున్నాడా, తనంతట తాను నేర్చుకుంటున్నాడా అన్నది అక్కడి విద్యా పరిశోధకులు తరచూ అడిగే ప్రశ్న.

జావాలోని పెసాంత్రెన్లలో, అంటే కియాయి అని పిలిచే గురువు ఇంటి చుట్టూ వెలసిన ఆవాస పాఠశాలల్లో, ఈ ప్రశ్నకు ఒకప్పుడు తావే లేదు. తరగతులు, పట్టాలు లేని ఆ రోజుల్లో శిష్యుడు తనకు కావలసిన గ్రంథాన్ని ఎవరు బాగా చెబుతారో కనుక్కుని అక్కడికి వెళ్లేవాడు, అది ముగిశాక మరో గురువును వెతుక్కునేవాడు. 'సొరోగాన్' పద్ధతిలో ఒక్కొక్కరే గురువు ఎదుట కూర్చుని అరబీ గ్రంథం చదివి అర్థం చెప్పాలి. మన వీధిబడుల్లో పాఠం ఒప్పజెప్పడం గురించి విన్నవారికి ఇది కొత్తగా తోచదు. అక్కడ నేటికీ బోధించే అల్-జర్నూజీ గ్రంథం 'తాలీముల్ ముతఅల్లిమ్' దాదాపు ఎనిమిది వందల ఏళ్ల నాటిది. చదువు మొదలుపెట్టే ముందు నియ్యత్‌ను, అంటే దైవప్రీతి కోసమే చదవాలన్న సంకల్పాన్ని, సరిచూసుకోమని అది చెబుతుంది. నిన్నటి పాఠాన్ని 5 సార్లు, మొన్నటిదాన్ని 4 సార్లు, అంతకు ముందుదాన్ని 3 సార్లు, ఇలా తగ్గించుకుంటూ వల్లెవేయమంటుంది.

స్వాతంత్ర్యం తరువాత ప్రభుత్వ బడుల్లో మతబోధ ప్రవేశించినా, 1960 నాటి తీర్మానం ప్రకారం ఇష్టం లేనివారికి దాని నుంచి తప్పుకునే వీలుండేది. కమ్యూనిస్టులపై సాగిన 1965 నాటి రక్తపాతం, ఆ పార్టీ నిషేధం తరువాత పరిస్థితి తలకిందులైంది: 1966లో నాటి దేశ అత్యున్నత సభ అయిన తాత్కాలిక ప్రజా సలహా సభ ఆ వెసులుబాటును తొలగించి, ప్రాథమిక పాఠశాల నుంచి ప్రభుత్వ విశ్వవిద్యాలయం దాకా మతబోధను పాఠ్యాంశం చేసింది. ప్రతి విద్యార్థికీ తన మతాన్ని ఆ మతస్థుడైన ఉపాధ్యాయుడే బోధించాలని 2003 నాటి చట్టం చెప్పింది. వెతుక్కుంటూ వెళ్లే చదువు టైంటేబుల్‌లో ఒక పీరియడ్‌గా మారింది. ప్రేరణ అన్నది సమస్యగా కనబడడం, నా దృష్టిలో, ఇక్కడి నుంచే మొదలైంది.

దాన్ని కొలిచే పనిముట్లు మాత్రం అమెరికా నుంచి వచ్చాయి. స్వీయ నియంత్రిత అభ్యసనం, అంటే విద్యార్థి తన చదువును తానే నడుపుకోవడం, అన్న భావనను 1980లలో జిమ్మర్‌మన్ వంటి మనస్తత్వవేత్తలు రూపుదిద్దగా, 1991లో పింట్రిచ్ బృందం ప్రేరణను, అభ్యసన వ్యూహాలను కలిపి కొలిచే ప్రశ్నావళిని వెలువరించింది. 2020లో కోవిడ్ వల్ల చదువులు ఇళ్లకు చేరడంతో, గురువు కళ్లెదుట లేనప్పుడు విద్యార్థి ఏం చేస్తాడన్నది మరింత పట్టించుకోవలసిన విషయమైంది. ఆ ప్రశ్నావళిలో విషయంపై ఆసక్తికి ఒక గడి, మార్కులపై ఆశకు మరో గడి ఉన్నాయి; జర్నూజీ చెప్పిన దైవప్రీతి కోసం చదివేవాడిని మాత్రం ఏ గడిలో వేయాలో అది చెప్పదు.