బూరె ఇంకా మూన తిరగలేదు

చిన్నీ, బుజ్జీ,

మొన్న ఫోన్‌లో బుజ్జి ఏడుపు గొంతుతో అడిగింది: "తాతయ్యా, మా కుక్క బూరెని తెచ్చుకుని నాలుగు రోజులైంది. సోఫా కింద నుంచి బయటికే రావట్లేదు. మేం చూస్తుంటే అన్నం కూడా తినట్లేదు. దానికి మేం నచ్చలేదా?" అది ఫోన్‌లో తేలే మాట కాదని ఉత్తరం రాస్తున్నాను.

మన పొలంలో నాట్లు పడి అయిదు రోజులైంది. ఇవాళ పొద్దున గట్టు మీద నిలబడి చూస్తే పైరంతా పసుపు రంగుకు తిరిగి నీళ్ళలోకి వాలిపోయి ఉంది. తెలియనివాళ్ళు చూస్తే చచ్చిపోయిందనుకుంటారు. నారుమడిలో పాతిక రోజులు పక్కపక్కనే పెరిగిన మొక్కల్ని పీకాం, వేళ్ళ మట్టి కడిగాం, కట్టలు కట్టాం, తెచ్చి వేరే బురదలో గుచ్చాం. పీకేటప్పుడు సన్నవేళ్ళు తెగిపోతాయి. ముందు అది కొత్త వేరు వేసుకోవాలి. ఆ పని బురద లోపల జరుగుతుంది, మనకు కనపడదు. వారం పది రోజులు గడిచాక ఒక పొద్దున చూస్తే లేత ఆకు పచ్చగా నిలబడి ఉంటుంది. మూన తిరిగింది అంటాం.

బూరె ఇంకా మూన తిరగలేదు, అంతే.

అది వీధిలో పుట్టింది. తల్లి, తోడబుట్టినవి, మట్టి వాసన. తర్వాత షెల్టరు. అక్కణ్ణించి మీ అయిదో అంతస్తు. నెత్తి మీద ఫ్యాను, కాళ్ళు జారే టైల్స్, ఉన్నట్టుండి కుక్కరు విజిల్! మీకు వంటయిందని చెప్పే విజిల్ దానికి ఎలా వినపడుతుందో ఆలోచించండి. కుక్క చెవికి మనం వినలేని సన్నటి చప్పుళ్ళు కూడా వినిపిస్తాయి.

మూన తిరిగేదాకా రైతు చేలో దిగడు. పలచగా నీళ్ళు నిలబెట్టి గట్టు మీద నుంచి చూస్తాడు. మీరూ దాన్ని లాగొద్దు. రోజూ ఒకే వేళకు, ఒకే చోట గిన్నె పెట్టి పక్కకు వచ్చేయండి. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూరలు, చాక్లెట్, ద్రాక్షపళ్ళు మాత్రం పెట్టకూడదు, కుక్కలకు అవి విషం. తినేటప్పుడు, పడుకున్నప్పుడు ముట్టుకోవద్దు. గీరినా, కరిచినా దాచకండి. వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద 15 నిమిషాలు కడుక్కుని అమ్మకు చెప్పండి, డాక్టరు దగ్గరికి తీసుకెళుతుంది.

పెంపకానికి ఇచ్చేవాళ్ళు 3 రోజులు, 3 వారాలు, 3 నెలలు అని ఒక లెక్క చెబుతారు. బెదురు తగ్గడానికి మొదటిది, ఇంటి పద్ధతులు అలవాటవడానికి రెండోది, ఇది నా ఇల్లు అనుకోవడానికి మూడోది. అన్ని కుక్కలూ ఆ లెక్క ప్రకారమే నడవవు. మూన తిరిగిన పైరు పిలకలు వేస్తుంది కదా, బూరె కూడా వేస్తుంది: నాన్న చెప్పులు కొరుకుతుంది, హాల్లో తడి చేస్తుంది. కొట్టకండి. ఎప్పుడో చేసినదానికి ఇప్పుడు తిడితే ఎందుకు తిట్టారో దానికి తెలియదు, మీరంటే భయం మాత్రం మిగులుతుంది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు చదువు కోసం మా అమ్మ నన్ను మేనమామ ఇంట్లో దింపి వెళ్ళిపోయింది. నేను ధాన్యం గాదె వెనక నక్కాను. ఇరుగుపొరుగు వచ్చి "రారా అబ్బాయ్" అని పిలిచినకొద్దీ ఇంకా లోపలికి జరిగాను. మా అత్తయ్య పిలవలేదు. గాదె పక్కనే పీట వేసుకుని చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుంది. దీపాలు పెట్టే వేళకు నేనే వెళ్ళి చాటలోంచి ఒక కాయ తీసుకున్నాను. ఆవిడ నా వంక చూడలేదు. చాట కాస్త నావైపు జరిపింది. నేల మీద ఆ చాట జరిగిన చప్పుడు నాకు ఇప్పటికీ వినపడుతుంది.

సాయంత్రం సోఫాకు నాలుగడుగుల దూరంలో, దానికి పక్కకు తిరిగి కూర్చుని తెలుగు పాఠం పైకి చదువుకోండి. అది మూతి నాకుతుంటే, ఊరికే ఆవులిస్తుంటే ఇంకా బెదురుతోందని అర్థం, కొంచెం వెనక్కి జరగండి. చెవులు మీ గొంతు వైపు తిరుగుతున్నాయేమో ఓరకంట చూడండి.

రాత్రి గాఢంగా నిద్రపోయాక దాని పాదాలు చూడండి. పడుకున్న చోటే పరుగెడుతున్నట్టు కదులుతాయి, గొంతులో చిన్నగా మొరుగుతుంది. కుక్కలకూ కలలు వస్తాయి మరి. లేపకండి. ముందు ఏ కాలు కదిలిందో చూసి నాకు రాయండి.

మీ తాతయ్య