చైనాకు తొలిసారి వెళ్లే విద్యార్థులు: అపోహలు – వాస్తవాలు

కళాశాల విద్యార్థుల బృందాలను చైనాకు తీసుకెళ్లి, బీజింగ్, షియాన్ నగరాలను దగ్గరుండి చూపించడం నా పని. ప్రయాణానికి ముందు జరిపే సమావేశంలో విద్యార్థులు, వారికన్నా ఎక్కువగా తల్లిదండ్రులు, ఏళ్లుగా విని నమ్మిన మాటలనే ప్రశ్నలుగా అడుగుతుంటారు.

అపోహ: చైనా మహాకుడ్యం చంద్రుడి మీద నుంచి కూడా కనిపిస్తుంది.

కనిపించదు. 2003లో అంతరిక్షంలోకి వెళ్లిన తొలి చైనా వ్యోమగామి యాంగ్ లివే, భూకక్ష్యలో ఉన్నప్పుడే తనకు గోడ కనిపించలేదని చెప్పారు. అది ఎంత పొడవున్నా వెడల్పు కొద్ది మీటర్లే, రంగు కూడా చుట్టూ ఉన్న కొండరాళ్ల రంగే. పైగా అది ఒకే గోడ కాదు. వేర్వేరు రాజవంశాలు వేర్వేరు కాలాల్లో కట్టిన గోడలన్నీ కలిపితే 21,196 కిలోమీటర్లని 2012లో చైనా ప్రభుత్వం ప్రకటించింది. మేము ఎక్కే ముతియాన్యు భాగం మింగ్ వంశీయుల నాటి రూపంలో ఉంది. అక్కడ మెట్లు ఒకటి జానెడు, మరొకటి మోకాలెత్తు ఉంటాయి కనుక మంచి బూట్లు తప్పనిసరి.

అపోహ: బీజింగ్‌లోని పాత చక్రవర్తుల రాజప్రాసాదానికి (ఫర్బిడెన్ సిటీ) నేరుగా వెళ్లి, ద్వారం దగ్గర టికెట్ కొనుక్కోవచ్చు.

పాస్‌పోర్ట్ వివరాలతో ముందుగానే ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి, అసలు పాస్‌పోర్ట్ వెంట ఉండాలి. ప్రభుత్వ సెలవు దినాలు మినహా సోమవారాలు ప్రాసాదం మూసి ఉంటుంది. నా తొలి పర్యటనలో ఏర్పాట్లు చూసిన సంస్థ సరిగ్గా సోమవారాన్నే ఎంచుకోవడంతో, విద్యార్థులు మూసిన తలుపుల ముందు ఫొటోలు దిగి వెనుదిరిగారు. ఆనాటి వారి ముఖాలు గుర్తొచ్చి, ఇప్పటికీ ప్రతి తేదీనీ నేనే స్వయంగా సరిచూసుకుంటాను.

అపోహ: శాకాహారులు పస్తులుండాలి.

ఇది సగమే నిజం. బౌద్ధ భిక్షువుల సంప్రదాయం వల్ల చైనాలో శాకాహార వంటకు పాత చరిత్ర ఉంది, ఆలయాల సమీపంలో అచ్చమైన శాకాహార భోజనశాలలు దొరుకుతాయి. అయితే మామూలు హోటల్లో ‘మాంసం వద్దు’ అంటే చాలదు. చిక్కుళ్ల వేపుడు మీద పంది కీమా చల్లి తెస్తారు, ఎందుకంటే వారి దృష్టిలో అది కూర రుచి కోసం వేసేదే తప్ప మాంసపు వంటకం కాదు. అందుకే ‘నేను శాకాహారిని’ అన్న వాక్యాన్ని చైనా లిపిలో రాయించి, ప్రతి విద్యార్థి జేబులో ఒక చీటీ పెట్టిస్తాను.

కారం విషయం వేరు. గుంటూరు మిరపకాయకు అలవాటుపడిన ఒక విద్యార్థి సిచువాన్ వంటకాన్ని ధీమాగా నోట పెట్టుకుని, రెండో ముద్దకే పెదవులు తడుముకుంటూ ‘మొద్దుబారిపోయాయి సార్’ అన్నాడు. సిచువాన్ మిరియం మంట పెట్టదు, నాలుకను జివ్వుమనిపించి తిమ్మిరెక్కిస్తుంది. ఆ అబ్బాయే తర్వాత తినడానికి ఇచ్చిన పుల్లలను (చాప్‌స్టిక్స్) అన్నంలో నిలువుగా గుచ్చి పక్కకు తిరిగితే, వడ్డించే పెద్దావిడ చప్పున వచ్చి వాటిని తీసి పళ్లెం అంచున పెట్టింది. అన్నంలో నిలబెట్టిన పుల్లలు వారికి మృతుల ముందు వెలిగించే అగరుబత్తులను గుర్తుకు తెస్తాయి. మన ఇంట్లో పిండం పెట్టినట్టు అన్నం వడ్డిస్తే అమ్మమ్మ ఎలా ఉలిక్కిపడుతుందో చెప్పగానే అందరికీ అర్థమైంది.

అపోహ: చైనా తొలి చక్రవర్తి సమాధికి కాపలాగా షియాన్‌లో పాతిపెట్టిన మట్టి సైనికుల విగ్రహాలు మొదటినుంచీ బూడిద రంగులోనే ఉన్నాయి.

1974లో బావి తవ్వుతున్న రైతులకు బయటపడిన ఆ విగ్రహాలకు ఒకప్పుడు ఎరుపు, ఆకుపచ్చ, ఊదా రంగులుండేవి. గాలి తగిలి కింది లక్క పొర ఎండి ముడుచుకోవడంతో రంగులు రాలిపోయాయి.

అపోహ: తెలుగువారికి ఆ దేశంతో పాత సంబంధమేమీ లేదు.

నాకు అన్నింటికన్నా బాధ కలిగించేది ఇదే. షియాన్‌లోని పెద్ద అడవిబాతు గోపురాన్ని 652లో కట్టింది చైనా బౌద్ధ భిక్షువు హ్యూయన్‌త్సాంగ్ భారతదేశం నుంచి తీసుకెళ్లిన గ్రంథాలను, విగ్రహాలను భద్రపరచడానికే. ఆయన మన ఆంధ్రదేశానికి వచ్చి, నేటి అమరావతి అయిన ధాన్యకటకంలో కొన్ని నెలలుండి బౌద్ధ శాస్త్రాలు చదువుకున్నాడు. మన విద్యార్థులకు ఆయన హర్షుడి పాఠంలోని పేరుగానే తెలుసు. అందుకే ఆ గోపురం దగ్గర తొందరపెట్టకుండా వారికి రెండు గంటలు వదిలేస్తాను. కిందటి బృందంలో తుళ్లూరు నుంచి వచ్చిన అమ్మాయి, గోపురం ముందున్న ఆయన విగ్రహం దగ్గర నిలబడి, వాళ్ల నాన్నకు ఫోన్ చేసి, ‘మన ఊరి పక్కన చదువుకున్నాయన ఇక్కడున్నారు’ అని చెప్పింది.