వెండి కొండ ఉన్నా అప్పు తీరలేదు

చిరంజీవులైన మనవడికి, మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో మీరడిగారు, "వెండి కొండే చేతిలో ఉంటే స్పెయిన్ ఎందుకు చితికిపోయింది తాతయ్యా?" అని. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

ఆ కొండ పొటొసి అనే ఊళ్లో ఉంది, దక్షిణ అమెరికాలో ఇప్పటి బొలీవియాలో. అప్పట్లో అది స్పెయిన్ ఏలుబడిలో ఉండేది. 1545లో అక్కడ వెండి బయటపడింది. దాదాపు 4,000 మీటర్ల ఎత్తు, ఎముకలు కొరికే చలి. అయినా అరవై డెబ్భై ఏళ్లలో లక్షకు పైగా జనం చేరారు. రాళ్లు పొడి చేసి, పాదరసం కలిపి వెండి తీసేవాళ్లు. అందులో ఐదో వంతు స్పెయిన్ రాజుకి. తవ్వింది మాత్రం అక్కడి ఆదివాసులు. వంతులేసి, ఊళ్ల నుంచి బలవంతంగా తోలుకొచ్చి గనుల్లోకి దింపేవారు. వెండి లెక్కలు చెప్పేవాళ్లు చాలామంది వీళ్ల సంగతి దాటేస్తారు. మీరు దాటెయ్యకండి.

ఇప్పుడు మీ ప్రశ్నకి వస్తాను. రాజుగారి ఆదాయంలో పెద్ద భాగం వెండి కాదు, స్పెయిన్‌లోనే ముఖ్య ప్రాంతమైన కాస్టిల్ రైతులూ వర్తకులూ కట్టిన పన్నులు. మరి వెండి చేసిందేమిటంటే, అప్పు పుట్టించింది. వచ్చే ఏడు వెండి ఓడలొస్తాయిగా అని ఇటలీలోని జెనోవా షావుకార్లు ధైర్యంగా ఇచ్చేవాళ్లు. అప్పటి స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ ఆ డబ్బంతా యుద్ధాల్లో పోశాడు. స్పెయిన్ పాలన మీద నెదర్లాండ్స్ తిరగబడ్డ ఒక్క గొడవే 1568లో మొదలై 1648 దాకా సాగింది. 1557, 1560, 1575, 1596... నాలుగుసార్లు ఆయన బాకీలు కట్టలేనని చేతులెత్తేశాడు. ఇంటికి జీతం రాకముందే ఖర్చయిపోతే ఎంత టెన్షనో మీ అమ్మానాన్నల్ని అడగండి. అక్కడ ఒక దేశమే అలా బతికింది.

ఇంకోపక్క, వెండి వచ్చిపడటం కూడా తోడై, నూరేళ్లలో ధరలు మూడు నాలుగింతలయ్యాయి. స్పెయిన్‌లో నేసిన బట్ట ఖరీదైపోయింది, బయటి నుంచి వచ్చేది చవకైంది. చేతిలో డబ్బున్నవాళ్లు మగ్గాల మీద పెట్టకుండా ప్రభుత్వ రుణపత్రాలు కొని వడ్డీ మీద బతికారు. 1600లో గొంజాలెజ్ దె సెల్లొరిగో అనే న్యాయవాది ఈ కాగితాల సంపదే దేశాన్ని తినేస్తోందని రాశాడు. వినేవాళ్లు లేకపోయారు. పైగా 1609 నుంచి 1614 లోపల, ముస్లిం పూర్వీకులున్న దాదాపు 3 లక్షలమందిని వెళ్లగొట్టారు. స్పెయిన్ తూర్పున ఉన్న వాలెన్సియాలో వాళ్లు సాగు చేసిన పొలాలు ఎన్నో బీడుపడ్డాయి. నాకు అన్నిటికంటే బాధగా అనిపించేది ఇదే. వెండి తరిగితే మళ్లీ ఓడ రావొచ్చు, పనిచేసే చేతుల్ని తరిమేశాక పొలం ఎవరు దున్నుతారు?

ఆ వెండి మాత్రం ఆగలేదు. నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్ చేరి, అక్కణ్ణించి డచ్చివాళ్ల ఓడల్లో కొంత మన బందరుకూ వచ్చింది, మన అద్దకం బట్టలు కొనడానికి. సెలవులకు రండి, బందరులో డచ్చివాళ్ల సమాధులు చూపిస్తాను.

ఉంటాను,
మీ తాతయ్య