పెదవి విప్పని పిల్లలు, చట్టం చెప్పిన జవాబు

ఉదయం బడి ప్రార్థనలో ప్రతిజ్ఞ, జనగణమన: పౌరవిద్యలో మనందరి తొలి పాఠం అదే. ఆ ప్రతిజ్ఞ రాసింది కూడా మన తెలుగువారే, నల్లగొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు. మరి, జాతీయగీతం పాడటానికి తన మతం ఒప్పుకోదని ఒక విద్యార్థి అంటే బడి ఏం చేయాలి? 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు దీనికి జవాబు చెప్పింది. ఆ తీర్పు రాసిన జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తి.

కేసు కేరళది. పది, తొమ్మిది, ఐదో తరగతులు చదివే ముగ్గురు తోబుట్టువులు. కుటుంబం క్రైస్తవంలోని యెహోవా సాక్షుల శాఖకు చెందినది. గీతం మొదలవగానే అందరితోపాటు లేచి, అయ్యేదాకా కదలకుండా నిలబడేవారు. పాడేవారు మాత్రం కాదు. వారి అక్కలూ అదే బడిలో అలాగే చదువుకున్నారు, ఎవరూ తప్పు పట్టలేదు. 1985 జులైలో ఒక శాసనసభ్యుడు ఈ సంగతి సభలో లేవనెత్తాడు. ప్రభుత్వం కమిషన్ వేసింది. పిల్లలు గీతాన్ని అవమానించలేదని ఆ కమిషనే తేల్చింది. అయినా జులై 26న, పాఠశాలల డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ ఆదేశం మేరకు ముగ్గురినీ బడి మాన్పించారు. హైకోర్టులోనూ వారికి ఊరట దొరకలేదు.

ఇదే శాఖవారి పిల్లల విషయంలో అమెరికా కూడా తడబడింది. అక్కడ జెండా వందనం తప్పనిసరి చేయవచ్చని 1940లో సుప్రీంకోర్టు అన్నాక, చాలాచోట్ల యెహోవా సాక్షులపై దాడులు జరిగాయి. మూడేళ్లకే, 1943లో, అదే కోర్టు ఆ తీర్పును తిరగరాసింది.

చిన్నపరెడ్డి ముందుగా చూసింది చట్టంలో ఏముందని. 1971 నాటి జాతీయ గౌరవ పరిరక్షణ చట్టం గీతాలాపనను కావాలని అడ్డుకున్నవారిని, పాడేవారికి ఆటంకం కలిగించినవారిని శిక్షిస్తుంది. మౌనంగా నిలబడినవారిని కాదు. విద్యాశాఖ చూపించినవి 1961, 1970 నాటి సర్క్యులర్లు. వాటికి చట్టబలం లేదు. ప్రాథమిక హక్కుకు పరిమితి పెట్టాలంటే చట్టం ఉండాలి. నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఆయన మత స్వేచ్ఛ గురించి అన్న మాట: ఒక విశ్వాసం మన బుద్ధికి నచ్చిందా లేదా అన్నది ప్రశ్న కాదు, దాన్ని మనస్ఫూర్తిగా నమ్ముతున్నారా లేదా అన్నదే చూడాలి. గీతం వినపడగానే లేచి నిలబడటమే గౌరవమని కూడా తీర్పు స్పష్టం చేసింది. పిల్లలను తిరిగి చేర్చుకోమంది.

1976లో రాజ్యాంగంలో చేరిన 51ఎ అధికరణం జాతీయగీతాన్ని గౌరవించడం పౌరుల విధి అంటుంది. సాంఘికశాస్త్రంలో ఈ విధులను పిల్లల చేత వల్లె వేయిస్తాం. ఈ తీర్పునూ ఆ పక్కనే పాఠంగా పెట్టాలి. గౌరవానికీ నిర్బంధానికీ తేడా పిల్లలకు ఇంత తేటగా చూపే కేసు మరొకటి నాకు కనిపించలేదు.

వివాదం అక్కడితో ఆగలేదు. 2016 నవంబరులో సినిమాహాళ్లలో గీతం వేయడాన్ని సుప్రీంకోర్టే తప్పనిసరి చేసింది. 2018 జనవరిలో దాన్ని హాళ్ల ఇష్టానికి వదిలేసింది. వేస్తే మాత్రం ప్రేక్షకులు గౌరవం చూపాలంది.