చెనిక్కాయ ఆకుముడత ఏ దేశపు పురుగు?

ఖరీఫ్ వేరుశనగకు వాన మొహం చాటేస్తే చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఆకుముడత పురుగు లేస్తుంది. ఎదిగితే ఇది చిన్న చిమ్మట. వెంటే పేరు తగువూ లేస్తుంది. పాత కరపత్రాల్లో అప్రోఏరెమా మోడిసెల్లా అని, కొత్త వ్యాసాల్లో బైలోబేటా సబ్‌సెసివెల్లా అని కనబడేసరికి కొత్త పురుగు దిగిందన్న మాట పాకిపోతుంది. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నుంచీ ఇది మన చేలల్లో ఉన్నదే, ఆ చరిత్ర తెలిసిందే. తగువు ముదిరింది ఆఫ్రికాలో.

1998లో ఉగాండా వేరుశనగలో ఈ ముడత బయటపడింది. కొన్నేళ్లలోనే మలావి, మొజాంబిక్, దక్షిణాఫ్రికాల్లోనూ కనిపించింది. భారత్ వైపు నుంచే వచ్చిందని చాలామంది తేల్చేశారు. అంత ఉధృతి అక్కడ మునుపు చూడలేదు గనుక అనుమానం రావడం సహజమే. కానీ మ్యూజియం రికార్డు వేరే మాట చెబుతోంది. జర్మన్ కీటక శాస్త్రవేత్త జెల్లర్ 1852లోనే దక్షిణాఫ్రికా నమూనాను చూసి సబ్‌సెసివెల్లాను వర్ణించాడు. జావా చిమ్మటకు డెవెంటర్ అనే శాస్త్రవేత్త మోడిసెల్లా అని పేరు పెట్టింది 1904లో, మేరిక్ అనే మరో శాస్త్రవేత్త నెర్టేరియా అని పేరు పెట్టింది 1906లో. ఆ రెండూ జెల్లర్ చిమ్మటేనని తర్వాతివాళ్లు కలిపేశారు. ముందు పెట్టిన జాతి పేరే (శాస్త్రీయ నామంలో రెండో ముక్క) చెల్లాలన్నది నామకరణ నియమం. బైలోబేటా అన్న ప్రజాతి పేరు (మొదటి ముక్క) మాత్రం 1986 నాటిది. వలస వచ్చిందంటున్న పురుగు పేరుకు ఆధారమైన నమూనా, ఉగాండా వార్తకు దాదాపు 150 ఏళ్ల ముందు ఆఫ్రికాలోనే దొరికిందన్నమాట. వలస వాదం దీనికి సరైన జవాబు ఇవ్వలేదు.

2012లో దక్షిణాఫ్రికా నమూనాల మైటోకాండ్రియా డీఎన్‌ఏ ఆస్ట్రేలియా సోయాబీన్ చిమ్మట సింప్లెక్సెల్లాతో సరిపోయింది. ఆ ఆస్ట్రేలియా చిమ్మటకు వాకర్ అనే శాస్త్రవేత్త ఆ పేరు పెట్టింది 1864లో. అన్నీ ఒకే జాతి అయితే అప్పుడూ 1852 పేరుదే పైచేయి. వేరు జాతులనే వారి చేతిలో ఒక గట్టి అంశం ఉంది: ఆస్ట్రేలియాలో అది ప్రధానంగా సోయాచిక్కుడు మీది పురుగు. మన దగ్గరి పురుగు సోయాను, వేరుశనగను రెండింటినీ తింటుంది, బావంచి మొక్క మీద కూడా బతుకుతుంది.

చేలో మాత్రం ఆకు విప్పి చూస్తే చాలు. గుడ్లు ఆకు అడుగున ఒక్కొక్కటిగా ఉంటాయి, 3-4 రోజుల్లో పొదుగుతాయి. పిల్ల పురుగు ఆకు పొరల మధ్యకు దూరి పచ్చదనాన్ని తినేస్తుంది, అక్కడ గోధుమరంగు బొబ్బ లేస్తుంది. 5-6 రోజులకు బయటికొచ్చి ఆకులను సన్నని దారాలతో ముడిచి, లోపలే తిని, లోపలే కోశం కడుతుంది. ముడతలో నల్లటి తల, లేతాకుపచ్చ ఒళ్లు కనిపిస్తాయి. ముడతలోనే బాగా ఎదిగిన మగ పిల్ల పురుగుకైతే వీపు చర్మం కింద ఎర్రటి మచ్చ ఉంటుంది. చిన్న బూడిదరంగు చిమ్మట ముందు రెక్క అంచున తెల్లటి చుక్క ఉంటే అది మన పాత పురుగే.

కొత్తదన్న భయంతో ఘాటు మందులు కొట్టడం వల్ల పెద్ద నష్టం. పొరల మధ్య ఉన్న పురుగుకు తాకుడు మందు (ఒంటికి తగిలితేనే చంపేది) సరిగా అందదు, కోశం దశలో కొడితే డబ్బు వృథా. పైగా ముడతలోకి దూరి పురుగును చంపే గోనియోజస్ అనే చిన్న కందిరీగ లాంటి పరాన్నజీవులు ముందు చచ్చిపోతాయి. వేరుశనగలో సజ్జ అంతరపంటగా వేయాలి. ముందు కారులో సోయా వేసిన చేలో వెంటనే వేరుశనగ వేయకూడదు. గట్టి వాన పడితే పురుగు దానంతటదే తగ్గుతుంది, ఆకాశం మబ్బు పట్టి ఉంటే పిచికారీకి రెండు రోజులు ఆగాలి.