నాగా కూడా రాయాలి

చిట్టీ, బుజ్జీ,

ఆదివారం తాబేళ్ల సర్వేకని మేఘాద్రిగెడ్డ వైపు ఏదో చెరువుకి వెళ్లి, మూడు గంటలు గట్టు చుట్టూ తిరిగి, ఒక్క తాబేలూ కనపడక మొహాలు వేలాడేసుకుని వచ్చారట. "'లేదు' అని కూడా ఫారంలో రాయమన్నారు తాతయ్యా, లేనిదాన్ని రాయడమెందుకు?" అని బుజ్జి ఫోన్లో అడిగింది.

మన వంటింటి క్యాలెండర్ గుర్తుందా? పాలవాడు రాని రోజున మీ నానమ్మ సున్నా చుట్టి 'నాగా' అని రాస్తుంది. రాయకపోతే నెలాఖరున తగువే. పాలు రాలేదా, ఈవిడ రాయడం మర్చిపోయిందా? అరలీటరే పోస్తే 'సగం' అని రాస్తుంది. నీళ్లు కలిపిన రోజూ రాస్తుంది, అది ఆవిడ కోపం, దాంతో మనకి పనిలేదు. మీ ఫారాలన్నీ చూసి వేసే మ్యాపులో ఒక చెరువు ఖాళీగా ఉంటే, అక్కడ తాబేళ్లు లేవనుకోవాలా, ఎవరూ వెళ్లి చూడలేదనుకోవాలా?

ఇంకో తిరకాసుంది. మీరు వెతికేది బీచ్‌లో గుడ్లు పెట్టే సముద్రపు తాబేలు ఆలివ్ రిడ్లే కాదు. చెరువుల్లో, వరిమళ్లలో బతికే ఫ్లాప్‌షెల్ తాబేలు. ఏ జీవికి ఎంత ముప్పుందో చెప్పే అంతర్జాతీయ రెడ్ లిస్టులో 2021లో దీన్ని ముప్పున్న జాతిగా చేర్చారు. చెరువు ఎండితే ఇది బురదలో దూరి పడుకుంటుంది. అంటే పాలవాడు వీధిలోనే ఉన్నాడు, తలుపు కొట్టలేదంతే. అందుకే తేదీ, టైము, నీళ్లెంత, గట్టు మట్టిదా సిమెంటుదా, అన్నీ అడుగుతారు.

నా పదేళ్లప్పుడు మా ఊరి చెరువులో పూడిక తీస్తుంటే పారకి ఒకటి తగిలింది. అన్నం కంచమంత ఉంది. వెల్లకిలా తిప్పాను. తల లోపలికి పోయింది, వెనక్కాళ్లు పోయాయి, వాటిమీద రెండు చర్మపు రెక్కలు తలుపుల్లా మూసుకున్నాయి. మా నాన్న దాన్ని తెచ్చి మా బావిలో వేశారు, నీళ్లు శుభ్రంగా ఉంటాయని. అప్పట్లో అది మంచిపనే. ఇప్పుడైతే 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం పట్టుకోవడమే నేరం. గుడ్లు పెట్టుకోడానికి దానికి పొడి మట్టి కావాలి కదా, నిటారు రాతిగోడల బావిలోంచి ఎలా ఎక్కి వస్తుంది? ఇన్నేళ్లకి, మీ ఫారంలో 'గట్టు' అన్న గడి చూశాక తట్టింది నాకు.

రెండు మంచి వానలు పడ్డాక అదే చెరువుకి మళ్లీ వెళ్లండి. తిరగొద్దు, ఒకచోట కూర్చోండి. తూటాకుల మధ్య చిటికెనవేలి కొసంత ముక్కు తేలుతుంది. మీ నీడ నీళ్లమీద పడనివ్వకండి.

మీ తాతయ్య